ఫ్లాపీలకు శ్రీకారం చుట్టిన దసరా

ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను, సూటిగా చెప్పండి. మీ కొట్లో నడుస్తున్న ఆ లెక్కల ప్రోగ్రామును, రాసిన మనిషిని అడిగి తెచ్చుకున్నవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు?

(ఒక్క చెయ్యీ లేవలేదు)

సరే, జవాబు వచ్చేసింది. ఇక మర్యాదలు మొదలెడతాను.

అధ్యక్షత వహించిన ప్రిన్సిపాల్ రామచంద్రమూర్తి గారికి, మన వర్తక సంఘం అధ్యక్షులు చంద్రరావు గారికి, ఈ రోజు ఉద్యోగ విరమణ చేస్తున్న కంప్యూటరు లెక్చరరు సీతారామలక్ష్మి గారికి, పెద్దలకు, ఆడపడుచులకు నమస్కారం. చంద్రరావు గారు ఇందాక నా చెవిలో, "పెదబాబు గారూ, రెండు మంచి మాటలు చెప్పి దిగిపోండి, పురాణం ఎత్తకండి" అన్నారు. పురాణం ఎత్తకుండా నేను దిగితే నా వెనకాల ఇంకెవరో మాట్లాడారనుకుంటారండి. (నవ్వులు)

మేడమ్ గారు ఈ పాలకొల్లు వచ్చిన కొత్తలో పిల్లలు కాలేజీ కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి, గడప కళ్ళకద్దుకుని వెళ్ళేవాళ్ళు. "ఇది దేవుడు కాదమ్మా, పనిముట్టు, భయపడకుండా ముట్టుకోండి" అని పిల్లల చేతులు పట్టుకుని కీబోర్డు మీద పెట్టించిన మనిషి ఈవిడ. ఆ చేతుల్లో ఒకటి సూర్యకళది. అదిగో, వెనక స్తంభం పక్కన తల దించుకుని కూర్చుంది. ఆ పిల్ల గురించి మాట్లాడకుండా ఈవిడకి శాలువా కప్పితే అది శాలువా కాదండి, ముసుగు.

జరిగింది మీ అందరికీ తెలుసు. తెలిసినా చెబుతాను, ఎందుకంటే మీరు చెప్పుకునేటప్పుడు సగమే చెప్పుకుంటున్నారు. కిందటి దసరాకి ఆయుధపూజ ఇదే హాల్లో చేశాం. కొత్త లెక్కల పుస్తకానికి పసుపు రాసి మొదటి పేజీలో శ్రీకారం చుట్టడం మన ఆచారం. ఇప్పుడు లెక్కలు ఫ్లాపీల్లోకి వెళ్ళాయి కనక ఫ్లాపీలకీ శ్రీకారం చుట్టాల్సిందేనని మన పెద్దలు తీర్మానించారు. బజారులో ఉన్న ఫ్లాపీలన్నీ పళ్ళేల్లో పెట్టుకుని మేళంతో తెచ్చారు. ఒక్కొక్కటే సంఘం కంప్యూటర్లో దూర్చడం, ‘శ్రీ’ అని కొట్టడం, బయటికి తీసి బొట్టు పెట్టడం! తడి కుంకుమ లోపలికెళ్ళి ఆ డ్రైవు మరమిల్లులా గరగరలాడింది, అది వేరే సంగతి. (నవ్వులు) అసలు సంగతేంటంటే, ఆ కంప్యూటర్లో సూర్యకళ రాసిన లెక్కల ప్రోగ్రాము ఉంది. ఆ పిల్లని అడక్కుండా మన సంఘం నకలు కొట్టి ఎక్కించుకున్నది. అందులో ఆ పిల్ల దాచిన వైరస్ ఉంది. వైరస్ అంటే మందు కొడితే చచ్చే పురుగు కాదండి. మనిషి రాసిన రాతే, తనంతట తాను నకళ్ళు తీసుకుంటూ పోయే రాత. ముట్టుకున్న ప్రతి ఫ్లాపీలోకీ ఎక్కి కూర్చుంది. ఊరంతా దాన్ని పళ్ళెంలో పెట్టి, మేళం పెట్టి, ఇంటికి తీసుకెళ్ళింది!

దీపావళి నాటికి ప్రతి కొట్లోనూ తెర మీద ఒకటే అక్షరాలు: "ఇది రైలుగేటు వీధి సూర్యకళ రాసింది. వచ్చి మాట్లాడండి." మాట్లాడమంటే బాగానే ఉండేది, కానీ ఫ్లాపీలో ఏది ఎక్కడుందో చెప్పే చోటు మీదే ఆ అక్షరాలు కూర్చున్నాయి. మీ బాకీలు కనబడలేదు. నేను టైపు చేయించుకున్న ప్రవచనాలు కనబడలేదు. నాకు ఇప్పటికీ కోపంగానే ఉందండి, దాచను.

ఆ కోపంతోనే మేడమ్ గారింటికి వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చి, "కూర్చోండి, ఇది మన ఊళ్ళో పుట్టిన జబ్బు కాదు" అన్నారు. లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు తమ ప్రోగ్రామును నకలు కొట్టేస్తున్నారని ఒక వైరస్ రాసి, అందులో సొంత పేర్లు, ఫోను నంబరు పెట్టారట. అమెరికాలో ఒక విద్యార్థి వదిలినది వేల కంప్యూటర్లని మూలన కూర్చోబెడితే, అక్కడి కోర్టు అతన్ని జైలుకి పంపకుండా జరిమానా వేసి సమాజసేవ చేయించిందట. తర్వాత అతను పిల్లలకి అదే చదువు చెప్పే పంతులయ్యాడట. మొన్నమొన్న ఈమెయిల్లో ప్రేమలేఖలా వచ్చి ప్రపంచాన్ని ముంచిన వైరస్ మీద ఫిలిప్పీన్స్‌లో కేసు పెడదామంటే చట్టమే లేకపోయిందట.

చంద్రరావు గారూ, మీరూ అప్పుడు అక్కడే ఉన్నారు. "మనకి చట్టం వచ్చింది కదమ్మా, మూడేళ్ళ జైలంట. వాడుకోకపోతే ఎలా?" అన్నారు. మేడమ్ గారేమన్నారు? "అది నిన్న వచ్చిందండి. ఒకరి ప్రోగ్రాము అడక్కుండా నకలు తీయకూడదనే చట్టం అంతకంటే ముందే వచ్చింది. దానికీ మూడేళ్ళే. పోలీసు జీపులో సూర్యకళ పక్కన మీరు కూర్చుంటారా?" (నవ్వులు, చప్పట్లు)

నవ్వకండి. చట్టం కత్తి లాంటిది, నాకు దాని మీద గౌరవం ఉంది. డబ్బు కాజేయడానికి రాసినవాణ్ణి, ఆసుపత్రి కంప్యూటరు ఆపినవాణ్ణి వదలమని నేను చెప్పను. కానీ పురాణం ఏం చెప్పింది? ఒక గురుపుత్రుడు అస్త్రం వదిలాడు. వదలడం నేర్చుకున్నాడు కానీ వెనక్కి తీసుకోవడం నేర్చుకోలేదు. అదే పాపం! సూర్యకళ పాపమూ అదే. చెప్పకుండా పరాయి పెట్టెల్లోకి పంపింది, తప్పు. అయితే ఆ గురుపుత్రుణ్ణి ఈడ్చుకొచ్చినప్పుడు చంపొద్దన్నది ఎవరు? అతని చేతుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి! నష్టపోయినవాళ్ళకే ఆ మాట అనే హక్కు ఉందండి. ఈ హాల్లో ఉన్నది నష్టపోయినవాళ్ళే.

పైగా ఈ పిల్ల ఉపసంహారం నేర్చుకుంది. ఫ్లాపీలో ఏది ఎక్కడుందో చెప్పే ఆ పట్టికకి రెండో ప్రతి ఉంటుందట. మేడమ్ గారు పక్కన కూర్చుంటే, మీ ఫ్లాపీలన్నీ ఒక్కొక్కటే కుంకుమ తుడిచి బాగుచేసింది. మీ బాకీలు మీకొచ్చాయి, నా ప్రవచనాలు నాకొచ్చాయి. అయినా కిందటి వారం సంఘం చేసిన తీర్మానం అలాగే ఉంది: రేపు పొద్దున్నే పోలీసు స్టేషన్లో ఆ పిల్ల మీద ఫిర్యాదు. ఒక్కసారి అక్కడ పేరు ఎక్కితే, మళ్ళీ ఆ పిల్లకి కంప్యూటరు ముందు కుర్చీ వేసేదెవరు?

వెండి పళ్ళెం ఇస్తామంటే మేడమ్ గారు వద్దన్నారు. "ఆ తీర్మానం రద్దు చెయ్యండి. రేపటినుంచి ఈ హాల్లోనే నేనూ సూర్యకళా మీ గుమాస్తాలకి వైరస్ పట్టుకోవడం నేర్పుతాం. అదే నాకు సన్మానం" అన్నారు. ఇలాంటి గురువు ఉన్న ఊరు బాగుపడకపోతే ఇంకే ఊరు బాగుపడుతుందండి?

సంఘం సభ్యులందరూ ఇక్కడే ఉన్నారు. కార్యదర్శి గారు ఎదురుగా ఉన్నారు. రేపు స్టేషన్ తలుపు తెరుచుకుంటుంది, కాబట్టి రేపు అనకండి. భోజనాలయ్యాక అనకండి, తిన్నాక మనకి ధర్మం గుర్తుండదు. ఓపిగ్గా విన్నందుకు మీకు కృతజ్ఞతలు, మేడమ్ గారికి ఈ ఊరి దండం. ఇక నేను సెలవు తీసుకుంటాను, కానీ రద్దుకి ఒప్పుకున్న చేతులు చూశాకే ఈ మైకు వదులుతాను. చంద్రరావు గారూ, మొదటి చెయ్యి మీదే కావాలి. ఎత్తండి. ఇప్పుడే, ఎత్తండి!