గైడు చూసి రాసిన జవాబు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో ఇద్దరు టీచర్లు ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఆ లైఫ్ కోచ్‌తో మాట్లాడాక ఏమైనా తేలికపడ్డావా?"

"ఆవిడ నన్ను తెగ మెచ్చుకుంటుందక్కా. జవాబులన్నీ చక్కగా చెప్తున్నానంట."

"హెడ్‌మిస్ట్రెస్‌వి అయినప్పటి నుంచి బడి గేటు చూస్తే వెనక్కి తిరిగిపోవాలనిపిస్తోందన్నావే, అది చెప్పావా?"

"అమ్మో, ఏమనుకుంటుంది! రోజూ హుషారుగా వెళ్తున్నానని చెప్పా."

"మన పిల్లలు గైడు చూసి జవాబు రాస్తే ఏం చేస్తావు?"

"ఆ జవాబు కొట్టేస్తాను. తప్పులున్నా ఫర్వాలేదు, సొంతంగా రాయమంటాను."

"మరి నువ్వు?"

ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ మోగింది. కోచే.

"నమస్తే అండి. ఆ, బాగానే... లేదండి. ఏం బాగోలేదండి. మొదట్నుంచి మళ్లీ చెప్పనా?"