తొమ్మిదిసార్లు కాదు

లాస్ ఏంజెలెస్ కొరియా పేటలోని మా లాండ్రీలో నేను ఇస్త్రీ చేస్తుంటే, ఓడిపోయినవాళ్ళ నిజ కథలను పుస్తకాలుగా రాసే మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"ఈసారి ఎవరే? ఒక్క పోటీ గెలవని బాక్సర్ అయ్యాడు, ఎప్పుడూ ఆఖరున వచ్చే గుర్రం అయింది. వాళ్ళ దురదృష్టం నీకెక్కడ అంటుకుంటుందోనని నాకు బెంగ."

"ఈసారి నువ్వే అమ్మా."

"నేనా? నేనెప్పుడు ఓడిపోయానే?"

"ఈ దేశం వచ్చిన కొత్తలో డ్రైవింగ్ పరీక్ష తొమ్మిదిసార్లు తప్పావుగా."

"మెల్లగా! అది అచ్చయితే పోలీసులు లైసెన్సు లాక్కుంటారు. బట్టలు ఎవరు చేరవేస్తారు? కొట్టు మూతపడుతుంది, వీధిన పడతాం."

"ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నావు, ఎవరూ లాక్కోరు. అన్నిసార్లు తప్పినా మళ్ళీ వెళ్ళావు చూడు, కథంతా అదే."

"వెళ్ళకపోతే నిన్ను బడికెవరు తీసుకెళ్తారు?"

"అదే రాస్తానంటున్నా. వద్దంటే మానేస్తాను."

"మన చర్చివాళ్ళు చదువుతారా?"

"చదువుతారు."

"చోయ్ ఆవిడ కూడానా? అదే పరీక్ష పదకొండుసార్లు తప్పి గెలిచానని ఇప్పటికీ గొప్పలు పోతుంది."

"అయితే?"

"తొమ్మిది కాదే, పదమూడు. నాలుగు నీకు చెప్పలేదు. పదమూడోసారి పరీక్ష పెట్టినాయన మధ్యలోనే కారు దిగి నడిచి వెళ్ళిపోయాడు. అదీ రాయి."