బ్రేకు లేని బండీ, మా అత్తా

ఆ ఫొటోలో ఇనప చక్రాల ట్రాక్టరా? ఇరవై హార్స్‌పవర్. నాలుగు సిలిండర్లు. ముందుకి మూడు గేర్లు, వెనక్కి ఒకటి. బరువు పన్నెండొందల కిలోలు. బ్రేకా? బ్రేకు లేదురా అబ్బాయ్! క్లచ్చి తొక్కిపట్టుకుంటే ఆగాలి, అంతే. ఇవన్నీ మా మేనత్త నాచేత ఎక్కాల్లా వల్లె వేయించింది. ఆ సీట్లో ఉన్నది ఆవిడే. మగాడనుకున్నావు కదూ? తలకి తువ్వాలు చుట్టేది మరి.

అసలా బండి వచ్చిన మర్నాడే వెనక్కి పోవలసింది. నేనింకా పుట్టలేదులే, మా నాన్న చెప్పేవాడు. కంపెనీ మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగాడట. "చంటిపిల్లాడైనా స్టార్టు చేస్తాడండీ" అంటూ ముందున్న హ్యాండిలు గుప్పిట బిగించి తిప్పాడు. ఇంజను వెనక్కి తన్నింది. మణికట్టు ఫట్‌మంది. ఆయన లబోదిబోమంటే, మా తాత అంతకంటే లబోదిబో. "ఇది బండి కాదు, యముడు! రేపే పంపించేస్తా!" పంపించి? ఎడ్లని అప్పటికే అమ్మేశాడు. తొలకరికి పదిరోజులైనా లేవు, ముప్ఫై ఎకరాలు దున్నాలి. ఆ ఏడు పంట పోయినట్టే.

అత్త మాత్రం బండితో వచ్చిన పుస్తకం తీసుకుని గుమ్మంలో కూర్చుంది. ఆ ఇంట్లో చదువొచ్చింది తనొక్కదానికే. పొద్దున్నే బండి ముందు నిలబడి, "నాన్నా, ఆయన బొటనవేలు హ్యాండిలు చుట్టూ వేశాడు. అలా వెయ్యొద్దని ఇందులో ఉంది. నాలుగు వేళ్ళ పక్కనే ఉంచి పైకి లాగాలి. తన్నినా చెయ్యి జారిపోతుంది" అంది. మా తాతేమో, "చెయ్యి విరిగితే నిన్నెవడు చేసుకుంటాడే?" "విరగనిస్తేగా!"

పెట్రోలుతో మొదలెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకి మార్చాలి. అత్త ఒకసారి లాగింది, లేదు. రెండోసారి తన్నింది! మా తాత కళ్ళు మూసుకున్నాడట. తెరిచేసరికి ఆవిడ మూడోసారి లాగేసింది, ఇంజను డగడగలాడుతోంది, అత్త రెండు చేతులూ ఆడించి చూపిస్తోంది. వాన పడేలోపు ముప్ఫై ఎకరాలూ తనే దున్నింది. సీటు కిందే గేర్లు, పెనంలా కాలేది. తడిపిన గోనెసంచి వేసుకు కూర్చునేది. ఇప్పుడు ఏసీ ట్రాక్టరెక్కి నడుం నొప్పంటారు వీళ్ళు, సిగ్గులేకపోతే సరి!

తర్వాత ఎంతమందికి నేర్పిందో. ఒక్కడి చెయ్యి విరగలేదు, రాసిపెట్టుకో. నా బొటనవేలు ఎడంగా కనపడితే చాలు, ఫట్‌మని ఒకటి వేసేది. చివర్లో ఆస్పత్రిలో మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. "అత్తా, నేనే" అని చెయ్యి పట్టుకున్నా. "ఎవరు బాబూ?" అంది. అంటూనే నా చెయ్యి తడిమి తడిమి, బొటనవేలు తీసి నాలుగు వేళ్ళ పక్కన పెట్టింది.

ఏదీ, ఆ మంచినీళ్ళు ఇలా ఇవ్వు.