మహాపరసాద్ సీసా

దేవేంద్ర నగర్‌లో బంగారమ్మ వరండా. ఎదురుగా మందుల పరిశోధన క్లినిక్ నుంచి వచ్చిన కల్యాణి.

"అదే అడుగుతున్నాను, అమ్మమ్మా. ఉమ్మి సీసాలు రెండిచ్చారు. మీదొకటి, మీ చెల్లెలిదొకటి. అవునా?"

"ఇచ్చాం. చాయ్ తాగుతావా?"

"వద్దు. ఆవిడ పేరు దగ్గర మహాపరసాద్ అని రాయించారేం?"

"పేరు పలకకూడదు తల్లీ. పూరీ గుడి ప్రసాదం ఒకరి నోట్లో ఒకరం పెట్టుకున్నాం. స్నేహితురాళ్ళు అక్కచెల్లెళ్ళయ్యే ఇక్కడి పద్ధతి. అప్పట్నుంచి నాకు ఆమె మహాపరసాద్, ఆమెకి నేను మహాపరసాద్."

"అంటే తోడబుట్టిన చెల్లెలు కాదా?"

"అంతకంటే ఎక్కువే."

"ఒకే తల్లికి పుట్టారా అని."

"మా అమ్మది బొబ్బిలి. వాళ్ళమ్మది మహాసముంద్. ఒకటే రైలు లైను."

"అమ్మమ్మా, ఎవరి ఒంటికి ఏ మాత్ర ఎంత పడుతుందో తేల్చడానికే మీలాంటి వాళ్ళ ఉమ్మి తీసుకునేది. ఈ జాబితాలో సొంత అక్కచెల్లెళ్ళే ఉండాలి."

"లేకపోతే?"

"ఆవిడ పేరు కొట్టేస్తారు."

"అప్పుడు ఆమె ఉండే బీర్‌గావ్‌కి మీ వ్యాను వెళ్ళదా?"

"వెళ్ళదు."

"మరి ఆమెనెవరు తెస్తారు? కొడుకు అటు ఇల్లు మారాక, ఆ మోకాళ్ళతో ఆటో ఎక్కలేదు. నేనూ ఎక్కలేను. నెలకోసారి మీ క్లినిక్ బల్ల మీదే కదా మేం కలుసుకునేది."

"రెండు సీసాల్లోనూ ఒకే మనిషి ఉమ్మి ఉందట."

"చాయ్ పెట్టనా?"

"అమ్మమ్మా."

"సరే. నేనే. వేరే రక్తమని పట్టేస్తారని రెండూ నేనే నింపాను. నోరెండిపోతే, చింతకాయని తలుచుకుని మరీ నింపాను. మూతలు బిగించి ఆమెకిస్తే కౌంటర్‌లో ఇచ్చొచ్చింది."

"ఆవిడకి తెలుసా?"

"ఛ. నోట్లో నాలుక లేని మనిషి. ఇలాంటివాటికి ఒప్పుకోదు."

"ఆ ఉమ్మిని బట్టే రక్తం పల్చబడే మాత్ర ఎంత వెయ్యాలో రాస్తారు. మోతాదు తప్పితే?"

"ఆమెకేమవుతుంది?"

"చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగకపోవచ్చు."

"అయితే కొట్టెయ్యి."

"ఏంటి?"

"పేరు కొట్టెయ్యి తల్లీ. కలవకపోతే కలవకపోయాం. ఆమెకి తప్పుడు మందు వద్దు."

"ఆవిడ మందు సరిగ్గానే ఉంటుంది. తప్పేది మీదే."

"అదెలా?"

"కిందటి నెల మీ ఇద్దరి రక్తం చూశాం. ఆవిడకి సికిల్ అనే పుట్టు రక్తదోషం ఉంది, మీకు లేదు. ఈ రెండు సీసాల ఉమ్మిలోనూ ఆ సికిల్ గుర్తే ఉంది."

"నేనే కదా నింపింది?"

"ఆవిడ మీరు నింపినవి పారేసి, కౌంటర్‌లో రెండు కొత్త సీసాలు అడిగి పట్టుకెళ్ళిందట. నిన్న బీర్‌గావ్ వెళ్ళి ఎందుకని అడిగితే, ఆవిడ కూడా ముందు చాయ్ తాగుతావా అంది."