ఉమారాణి కారు బంపర్

బోధన్‌ల సత్తవ్వ చాయ్ హోటల్ ముంగట ఉమారాణి స్కూటీ ఆగంగనే మెకానిక్ భూమన్న గుండెల రాయి వడ్డది. ఆమె తన పాత అంబాసిడర్‌ను పెండ్లిళ్లకు కిరాయికి ఇచ్చెటందుకు తయారు చేపిస్తున్నది. ఎల్లుండే మొదటి బరాత్. తుప్పు పట్టిన ముంగటి బంపర్‌కు క్రోమ్ పాలిష్ ఏయించుకొస్తనని భూమన్న తీస్కపోయి ఇరవై దినాలైంది.

"నా బంపరేదన్నా?"

నిజం నాలిక దాకా వచ్చింది గని, బెంచి మీద నలుగురు కూసున్నరు. నలుగురు దొరికితే భూమన్నకు నిజం చెప్పుడు చాతగాదు.

"కూసో చెల్లె, చెప్త. నిజామాబాద్‌ల పాలిష్ పని చేసే ధనుంజయ్ లేడా, ఆయన తొట్టిల నా చేత్తోనే ముంచిన. మొదలు రాగి పూత, దాని మీద నికెల్, ఆ మీద క్రోమ్. తీసి తుడిస్తే అద్దమే! తొవ్వల పోయేటోళ్లు ఆగి మీసాలు దువ్వుకున్నరు."

"గంతేనా?" అన్నడు బెంచి మీది బాపురావు, చాయ్ ఊదుకుంట.

"గంతేనా అంటవా? ఆటోల ఏసుకొని వస్తుంటె ఏమైందో ఎరుకేనా? ఎండ బంపర్ మీద వడి చెరుకు తోట మీదికి మళ్లింది. నిలవడ్డ చెరుకుల రసం నిలవడ్డట్టే ఉడికి బెల్లమైంది! రైతు గడ ఇరిస్తే అచ్చు బయటికొచ్చింది!"

"మాకు రెండు అచ్చులు తేకపోతివి?" అన్నది సత్తవ్వ.

"చీమలు వట్టినయవ్వా! ఇంకా ఇను. గా మెరుపు నిజాంసాగర్ దాకా కొట్టింది. వాన మెరుపులే అనుకొని కప్పలన్ని మిట్టమధ్యాహ్నం బెకబెక ఒర్రినయ్. కప్పలు ఒర్రుడు ఇని మబ్బులొచ్చినయ్. మబ్బులొచ్చినంక వాన వడకుంట ఉంటదా?"

"మరి బంపరేదన్నా?"

"గదే చెప్తున్న. వాన నీళ్లకు మెరుపు ఇంకింత వెరిగింది. సూపు ఆనుతలేదు. సూపు ఆనకపోతే ఏమన్న కనవడ్తదా? పొద్దుగాలనే నీ కారుకు బిగిచ్చిన చెల్లె. ఉన్నది. కనవడ్తలేదు, గంతే!"

బెంచి మీదోళ్లు ఇరగవడి నవ్విండ్రు. ఉమారాణి నవ్వలేదు.

"కంటికి కనవడకపోతే మాయె, చేతికన్న తగలాలె గదా? నడువు. యాడున్నదో చెయ్యి వెట్టి సూపెట్టు."

భూమన్న లేవలేదు.

"తుప్పు వోవాలని తేజాబ్‌ల, గదే యాసిడ్‌ల, ఏసి మర్శిపోయిన చెల్లె. మూడు దినాలకు తీస్తే జల్లెడ లెక్కయింది. నీకు మొఖం సూపెట్టలేక తప్పిచ్చుకొని తిరుగుతున్న."

"మొదలే చెప్తే ఇంకో బంపర్ కోసం పాత సామాన్ల దుకాణాలన్ని దేవులాడుతుంటిమి గదన్నా!" ఉమారాణి స్కూటీ స్టార్ట్ చేసింది. "ఎక్కు."

భూమన్న ఎన్క కూసున్నడు. బండి గల్లీ మలగక ముందే ఆయనకు పానం లేసొచ్చింది.

"దొరికినదాన్ని ఎట్ల మెరిపిస్తనో సూడు చెల్లె!"

"మెరవకున్నా మానె అన్నా. కనవడాలె."