ముందే వేడెక్కిన జీపు

"పెద్దమ్మా, బండి సూడవోతే ముందుగాల ఇంజను మూత మీద చెయ్యి పెట్టుమంటవెందుకే?" అని అడిగినవ్ గద. చెప్త, కూసో.

మా కొడుకు శీనుకు జీపు కావాలె. కిరాయిలకు తోలుకుంటడు, ఇల్లు నడుస్తది. కోదాడల మా ఆయన దిక్కు సుట్టం ఒకాయన ఉన్నడు, నాకు మరిది వరుస. ఆయన జీపు అమ్ముతున్నడంటే నేను, శీను మిర్యాలగూడల పొద్దుగాల్నే బస్సెక్కినం. సలికాలం. పోంగనే బండి దగ్గరికి పోనియ్యలే. "ముందు టిఫిన్ చెయ్యండి వదినా" అన్నడు. పెసరట్లు ఏసిర్రు. ఒకటి తింటె ఇంకోటి. ఎవలింట్ల తింటె వాళ్ల బండిని అనుమానంగ సూడాల్నంటే మనకు మొగమాటం గద. గా సంగతి ఆయనకెరికే.

షెడ్డుల ఉన్నది జీపు. ఊకనే మూత మీద చెయ్యి ఆనిచ్చిన. గోరువెచ్చగున్నది.

"నిన్నటి సంది తియ్యలేదంటివి మరిదీ?"

"ఎండకు వదినా."

"షెడ్డుల ఎండ యాడిది?"

శీను ఉరిమి సూసిండు. "అమ్మా, తిన్నదన్న అరగనియ్యవా?"

నాకు మా తమ్ముడు యాదికొచ్చిండు. గదే, సూర్యాపేటల ఉంటడు సూడు, లారీ తోలేటోడు. కశ్మీర్ దిక్కు పోయినప్పుడు సూసిండట. గాడ సలికి ఇంజన్ల ఆయిలు గట్టివడ్తదట. అందుకని ఇంజను దిమ్మెకే కరెంటు హీటర్ బిగిస్తరట. మనం బకెట్ల పెట్టే రాడ్ లెక్కనే అనుకో. లోపలి నీళ్లు కాగుతయి, ఆయిలు పల్సగయితది, పొద్దుగాల తాళం తిప్పంగనే స్టార్టయితది. గాడంటే అవసరం. కోదాడల ఏం మంచు వడ్తదని ఇంజను వెచ్చజేసిండు ఈయన? హీటరంటే లేదనుకో. మేం దిగకముందే జరసేపు నడిపి పెట్టిండని నా అనుమానం.

మూత లేపితే ఇంకోటి. సబ్బు వాసన. "కడిగిన వదినా" అన్నడు. బండంత దుమ్మే ఉన్నది మరి.

"మా ఇంటిదాంక తోలి సూస్తం, నువ్వు గూడ రా" అన్న. ఇష్టం లేకున్నా ఎక్కిండు. హుజూర్‌నగర్ దాటినంక కీసుకీసుమని సప్పుడు. "బెల్టు కొత్తది వదినా, అట్టాగే అంటది."

నేరేడుచర్ల మలుపు కాడ సప్పుడు బందయింది. స్టీరింగ్ బిగుసుకపోయింది. ఎదురుంగ వడ్ల లారీ. శీను రెండు చేతుల్తోని గుంజిండు. లారీ మా అద్దాన్ని గీసుకుంట పోయింది.

శీను బండిని పక్కకు ఆపి మెకానిక్‌ను పిలిపిచ్చిండు.

మెకానిక్ వచ్చి సూస్తే బెల్టు ఊడి కింద పడ్డది. ఇంజను తిరిగితే గా బెల్టే స్టీరింగ్ పంపును, బ్యాటరీ నింపే డైనమోను తిప్పుతదట. అది వదులు గాకుండ ఓ చిన్న చక్రం స్ప్రింగు బలంతోని అదిమి పడ్తది. టెన్షనర్ అంటరు. స్ప్రింగు సచ్చింది, చక్రం ఊగులాడుతున్నది. బెల్టు జారి అరవకుంట సబ్బు రుద్దిర్రు. కొత్త బెల్టు ఏసి తిప్పితే, అప్పటికి సల్లారింది గద, ఇంజను ఎంతకూ లేవలే. సల్లగుంటె లేవదని ఎరికయ్యే పొద్దుగాల ముందే వెచ్చజేసి పెట్టిండన్నట్టు. "నాకేం తెల్వదు వదినా" అనుకుంట మరిది రోడ్డు దిక్కు సూడవట్టిండు.

మేం కొనలే. మా ఇంటెనక బజారాయన కొన్నడు గా జీపును, బడి పిల్లల్ని తోలనీకి. తెలిసినంక మనసొప్పక పోయి చెప్పిన. ఎగాదిగ సూసిండు నన్ను. "బేరం కుదరలేదని ఓర్వలేక అంటున్నవా అక్కా? మీ మరిది అంత బాగు చేయించే ఇచ్చిండు. సప్పుడే లేదు" అన్నడు.

దినాం పిల్లల్నేసుకొని మా ఇంటి ముంగట్నుంచే పోతది. నేను పొయ్యి మీదిది ఇడిసిపెట్టి వాకిట్లకొచ్చి చెవి పెడ్త. కీసుమన్నదంటే అడ్డం పోయి ఆపుత. అనదు. చక్రం మార్పిచ్చిండో, లేకుంటే మల్ల ఏం రుద్దిండో... సప్పుడు లేకుంటేనే నాకు భయమైతది. పిల్లలు కిటికీలకెల్లి చేతులూపుతరు. పైలంగ పోయి రాండ్రి బిడ్డా అంట. ఇంకేమనాలె నేను...