నల్ల వెంట్రుక

శుక్రవారం పొద్దున, చర్చిలో. పాస్టరుగారు అరచేతిని కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. చర్చి ఊడ్చే పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది, బయట చూడ్డానికి ఏమీ లేకపోయినా.

"మళ్ళీ అడుగుతున్నా పెద్దమ్మా. ఇదేంటి?"

"వెంట్రుకలాగే ఉందండి అయ్యగారూ."

"వెంట్రుకే. ఏ రంగు?"

"నా కళ్ళు సరిగా ఆనవండి."

"నలుపు. నిగనిగలాడుతోంది. మన సంఘంలో నల్ల వెంట్రుక ఎవరికుంది?"

"మీకుందిగా."

"నాది రంగేసింది. ఆ సంగతి నీకూ తెలుసు. మాట మార్చకు."

"పాటలు పాడించే కాయిర్ మాస్టరుగారికి కూడా నల్లగా..."

"ఆయన పోయి నాలుగేళ్ళయింది."

"పాపం, ఎంత మంచి జుట్టో."

"ఇదిగో, ఇది చూడు. ఎర్రది. ఇది... ఇది నీలం! బలిపీఠం మెట్ల మీద నీలం వెంట్రుక!"

"పిట్టదేమోనండి. ఆ కిటికీ అద్దం పగిలి ఆర్నెల్లయింది కదా."

"నీలం పిట్టా?"

"దేవుడి సృష్టిలో ఏముండదని."

"పెద్దమ్మా!"

"అరవకండి, చెప్తాను. ముందు కూర్చోండి. అయ్యయ్యో, ఆ పెద్ద కుర్చీలో వద్దు, ఇంకా దులపలేదు."

"ఇది బిషప్‌గారి కుర్చీ. ఏడాదికోసారి ఆయన వచ్చినప్పుడు తప్ప ఇందులో ఎవరూ కూర్చోరు. దులపడానికేముంది?"

"ఏడాదికోసారి ఆయన కూర్చుంటారు. గురువారం గురువారం మిగతావాళ్ళు."

"ఏ మిగతావాళ్ళు?"

"క్షవరానికి వచ్చేవాళ్ళండి."

"క్ష... ఏమన్నావ్?"

"హెయిర్ కటింగ్ అంటే కాస్త బాగుంటుందా?"

"ఏమన్నా బాగుండదు! ఎవరు చేస్తున్నారు?"

"నా మనవరాలు సెలూన్‌లో పని నేర్చుకుంటోంది కదండి. వంద తలలు కత్తిరించి చూపిస్తేగానీ కస్టమర్ని ముట్టుకోనివ్వనంది ఆ ఓనరమ్మ. వంద తలలు ఎక్కణ్ణించి తెస్తాం? గురువారం మీరు ఆస్పత్రిలో రోగుల్ని చూడ్డానికెళ్తే చీకటి పడితేగానీ రారు. తాళాలు నా దగ్గరే ఉంటాయి. ఇక్కడ వెలుతురుంది, కుర్చీ సరైన ఎత్తులో ఉంది. దాని ఫ్రెండ్సుని నలుగుర్ని పిలిచింది. ఆ నలుగురు ఇంకో నలుగుర్ని తెచ్చారు."

"దేవుడి మందిరాన్ని సెలూన్ చేశావా!"

"కుర్చీ ఊరికే పడుంది కదా అని..."

"మరి మెడచుట్టూ ఏం కప్పారు? ఏంటి, తల దించుకున్నావు? ఏం కప్పారు?"

"కాయిర్ గౌన్లండి."

"పెద్దమ్మా!"

"వేసుకుని పాడేవాళ్ళేరండి? ముగ్గురు మట్టిలో, ఒకావిడ మంచంలో. పురుగులకి పెట్టే బదులు పిల్లల మెడకి చుడితే తప్పేంటి?"

"ఆగు. ఆగాగు. పోయిన ఆదివారం పాటల బోర్డు మీద ముప్పై ఆరు అని పెట్టిందెవరు?"

"అది పాట నంబరు కాదండి."

"మరి?"

"వంతు నంబరు. నేను ముందంటే నేను ముందని కొట్టుకుంటుంటే, గోడకి బోర్డు ఉందిగా అని నంబర్లు పెట్టాం. చివరివాడిది తియ్యడం మర్చిపోయా."

"ముప్పై ఆరు సమాధి దగ్గర పాడే పాట! ఆ రోజు టీచరమ్మగారి ఎనభయ్యో పుట్టినరోజు! అందరం లేచి నిలబడి ఆవిడ మొహంలోకి చూస్తూ మూడు చరణాలూ పాడాం!"

"ఆవిడ కూడా పాడిందండి. బాగా పాడింది."

"నా పరువు... ఒక్క నిమిషం. ముప్పై ఆరంటే? ముప్పై ఆరుమందా?"

"అది పోయిన వారం. నిన్న నలభై ఒకటి."

"నలభై ఒక్కమంది. కుర్రకారు. మన చర్చిలో."

"ఆ బెంచీల్లోనే. వంతొచ్చేదాకా కూర్చుని కబుర్లాడుకుంటారు. ఒకడు ఆ పాత పియానో మీద ఏదో టింగుటింగుమనిపిస్తాడు. ఒకమ్మాయి పుస్తకం పెట్టుకుని పరీక్షకి చదువుకుంటుంది."

"గేటు మీద అంత పెద్ద బ్యానర్ కట్టించానే, యువతకు స్వాగతం అని! ఒక్కడు రాలేదు!"

"గేటుకి తాళం వేసి, తాళం మీద బ్యానర్ కట్టారండి. వీళ్ళు పక్కసందు తలుపులోంచి వస్తారు."

"వాళ్ళ కోసం జీన్సు కూడా వేసుకున్నాను!"

"వేసుకున్నారు. ఆవేళ మూడో బెంచీ మామ్మగారు మిమ్మల్ని కరెంటు పనాయన అనుకుని తిరగని ఫ్యాను చూపించింది."

"సరే, జీన్సు తప్పే, ఒప్పుకుంటా. మరి కానుకల పెట్టె సంగతేంటి? సంపాదనలో దశమభాగం దేవుడికివ్వాలని ఏడు వారాలు వరసగా ప్రసంగించాను. పెట్టె మూడింతలైంది. అదైనా నా చలవేగా?"

"నిన్న కొంచెం చలిగా ఉందండి."

"పెద్దమ్మా. అదైనా నా చలవే కదా?"

"నా మనవరాలు కటింగ్‌కి డబ్బులడగదండి. తోచింది పెట్టెలో వెయ్యమంటుంది."

"అంటే నా ప్రసంగాలు విని కాదన్నమాట."

"మీ ప్రసంగాలు కూడా బాగానే ఉన్నాయండి."

"ఓదార్చకు."

"సరేనండి."

"ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నాను పెద్దమ్మా. నీకు చెప్తాను, నీలోనే ఉంచుకో. బిషప్‌గారికి రిపోర్టు రాశాను. మా చర్చికి ముప్పై ఐదుగురు యువత క్రమంగా వస్తున్నారని రాశాను. అబద్ధం రాశాను. ఈ ఏడాది పదకొండు సమాధులు చేశాం, బాప్తిస్మం ఒక్కటి లేదు. ఎల్లుండి ఆదివారం ఆయన స్వయంగా వచ్చి తలలు లెక్కపెడతారు. అంతమంది లేకపోతే చర్చి మూసేసి, స్థలం అమ్మేసి, మిగిలిన నలుగుర్నీ తీసుకెళ్ళి పెద్ద చర్చిలో కలిపేస్తారు. భయమేసి రాశాను."

"అబద్ధమేముందండి? ఉన్నదానికన్నా తక్కువే రాశారు."

"నాకు తెలిసి రాయలేదుగా!"

"దేవుడికి తెలుసుగా."

"ఆ పిల్లలు... ఆదివారం వస్తారంటావా?"

"చర్చి మూసేస్తారని అందరూ అనుకుంటున్నదేగా, నిన్నే అడిగానండి. ఆదివారం కూడా కటింగ్ ఉంటుందా అన్నారు."

"ఛ."

"ఉండదన్నాను. అయినా వస్తామన్నారు."

"నిజంగా? ఎందుకు?"

"చర్చి మూసేస్తే ఎక్కడ కూర్చోవాలని. ఇంట్లో చోటు లేదు. బయట ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి కొనమంటారు. ఇక్కడ ఎంతసేపున్నా ఎవరూ ఏమీ అనరు, చల్లగా ఉంటుంది, ఇది మనదే అనిపిస్తుంది అన్నాడు ఆ నీలం జుట్టువాడు."

"ఇది మనదే అన్నాడా?"

"అన్నాడండి. కళ్ళు తుడుచుకోండి, ఆ చేత్తో కాదు, వెంట్రుకలున్నాయి."

"నా గురించేమనుకుంటున్నారు వాళ్ళు?"

"మీరెవరో వాళ్ళకి తెలీదండి."

"అదీ మంచిదేలే."

"కాకపోతే ఒక షరతుందండి."

"కుర్చీయేగా? తీసుకోమను. గౌన్లు కూడా ఇచ్చేస్తా. బోర్డుకి కొత్త నంబర్లు చేయిస్తా."

"ప్రసంగం పన్నెండు నిమిషాలే ఉండాలి."

"ఎన్ని?"

"పన్నెండు."

"నేను ఉపోద్ఘాతానికే పన్నెండు నిమిషాలు తీసుకుంటాను!"

"అవునండి."

"నలభై చేస్తా. గంటా పదిలోంచి నలభైకి దిగానంటే..."

"పన్నెండు."

"ఇరవై ఐదు. ముగింపు ప్రార్థన దానికి వేరుగా."

"ప్రార్థనతో కలిపి పన్నెండండి."

"ఇది ప్రసంగమా, బస్సు స్టాపులో అనౌన్స్‌మెంటా! నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు నాకు గడియారం చూపిస్తారా? ఎవడన్నాడు, ఆ నీలం జుట్టువాడేనా? ఇదిగో, వాడి... కుర్చీ కింద ఇదేంటి, ఇది తెల్లది. గుప్పెడుంది. నలభై ఒక్కమందీ కుర్రాళ్ళేనన్నావు?"

"నలభై మందండి. పదకొండో నంబరు ఒక పెద్దాయన."

"పెద్దాయనెవరు?"

"టోపీ పెట్టుకుని పక్కసందులోంచి వచ్చాడు. నంబరడిగి తీసుకుని బుద్ధిగా బెంచీలో కూర్చున్నాడు. ఆ పరీక్ష పిల్లకి లెక్క కూడా చెప్పాడు. వంతు రాగానే పెద్ద కుర్చీలో ఎక్కి కూర్చున్నాడండి, అలవాటున్నట్టే, మొహమాటమన్నది లేదు. చెవులు మూసుకుపోయేంత జుట్టు. కత్తిరిస్తే పదేళ్ళు తగ్గాడు."

"దేశంలో సెలూన్లు కరువయ్యాయా?"

"వచ్చే నెలకి నంబరు ఇప్పుడే రాయించుకుని వెళ్ళాడు. అప్పటికి ఈ తలుపులు తెరిచి ఉంటాయో లేదో తాతయ్యా అంది నా మనవరాలు. ఉంటాయమ్మా, నాదీ పూచీ అన్నాడు."

"పూచీ! దారినపోయే దానయ్య పూచీ! ఈయన పూచీ పడితే బిషప్‌గారు ఆగుతారా?"

"ఆగుతారనే అనుకుంటున్నానండి."

"ఏంటలా చూస్తున్నావు?"

"పన్నెండు నిమిషాలన్నది పిల్లలు కాదండి. ఆయనే."

"ఆ ముసలాయనా? నా ప్రసంగం ఆయనెప్పుడు విన్నాడు?"

"పోయినేడు విన్నాడట. గంటా పది నిమిషాలు కదలకుండా కూర్చునేసరికి నడుం పట్టేసి వారం దాకా లేవలేదట. ఇదే కుర్చీలో."

"ఈ కుర్చీలోనా? ఈ కుర్చీలో పోయినేడు బిషప్‌గారు తప్ప ఎవరు..."

"అదే చెప్తున్నానండి. మీ ఆఫీసు గదిలో గోడకున్న ఫొటో మార్చాలి. అందులో ఆయనకి జుట్టు ఇంకా చెవుల మీద పడుతూనే ఉంది."